బ్రిన్‌మోర్ ఇచ్చిన టోపీ

కార్డిఫ్,
డిసెంబరు, ఆదివారం.

అమ్మమ్మకి,

నిన్నటి రగ్బీ ఎంపిక మ్యాచ్ రేడియోలో వినే ఉంటావు. కానీ విరామంలో జరిగింది రేడియోవాళ్ళు చెప్పి ఉండరు. అందుకే రాస్తున్నాను.

సంగతి తెలిసిందే కదా. దేశం జట్టులో తప్పకుండా ఉంటారనుకున్నవాళ్ళు ఎర్ర జెర్సీల్లో, ఉంటే ఉండొచ్చు అనుకున్నవాళ్ళం తెల్ల జెర్సీల్లో. నేను తెలుపు తొమ్మిదో నంబరు. ఎరుపు తొమ్మిదో నంబరు బ్రిన్‌మోర్ రీస్. చిన్నప్పుడు పేపర్లోంచి ఆయన బొమ్మ కత్తిరించి నా మంచం పక్క గోడకి అంటిస్తే, సున్నం పాడైందని నువ్వు చెవి మెలేశావు చూడు, ఆ బ్రిన్‌మోర్ రీస్.

మొదటి సగం నేను ఆడానో, చూస్తూ నిలబడ్డానో నాకే తెలీదు. ఎనిమిదిమంది ఎనిమిదిమందిని తోసుకుంటున్న ఆ గుంపు కింది నుంచి బంతి ఆయన కాళ్ళ దగ్గరికి వస్తుంది. వచ్చిందని నేను కదిలేసరికి అక్కడ ఉండదు. ఆయన వంగడం కనిపిస్తుంది, నిటారుగా నిలబడడం కనిపిస్తుంది. ఆ రెండిటి మధ్యదే ఎక్కడా కనిపించదు. బంతి మాత్రం అవతల మైదానం సగం దూరంలో ఇంకొకడి చేతుల్లో ఉంటుంది.

విరామంలో నారింజ తొనలు తింటున్నాం. ఎంపిక చేసే ఐదుగురు పెద్దల్లో ఒకాయన టోపీ, వానకోటుతో మైదానం మధ్యకి వచ్చి గొడుగు కొసతో నన్ను చూపించాడు.

“నువ్వూ, అతనూ. జెర్సీలు మార్చుకోండి.”

అంతమంది చూస్తుండగా, ఆ చలిలో, మేమిద్దరం బట్టలు విప్పుకున్నాం. బ్రిన్‌మోర్ మొహంలో ఏమీ లేదు. ఎర్ర జెర్సీ నా చేతికిస్తూ, “చంక కింద కుట్టు ఊడింది, చూసి తొడుక్కో” అన్నాడు. నా తెల్లది ఆయన భుజాలకి పట్టక, లాక్కుని లాక్కుని తొడుక్కున్నాడు.

అమ్మమ్మా, ఆ జెర్సీలోంచి ఆవిరి లేస్తోంది. ఇంకా ఆయన ఒంటి వేడి అందులో ఉంది. తొడుక్కున్నాక నా చేతులు నా మాట వినడం మొదలుపెట్టాయి. రెండో సగం బాగా ఆడానని అందరూ అంటున్నారు. నాకు జ్ఞాపకం ఉన్నది ఆ వేడి ఒక్కటే.

గురువారం జట్టు ప్రకటిస్తారు. అమ్మకి చెప్పు, బాగానే తింటున్నాను.

నీ
ఎమ్లిన్


కూమెలిన్,
శనివారం.

ఎమ్లిన్‌కి,

నీ ఉత్తరం సోమవారమే వచ్చింది. ఇక్కడ జరిగింది పూర్తయ్యాక రాద్దామని ఆగాను. పూర్తయింది.

ఎంపిక మ్యాచ్‌ని ఎరుపులో ముగించినవాడు జట్టులో ఉన్నట్టే అని ఈ లోయలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. కాబట్టి ఆదివారం ఉదయం పాస్టర్ పెన్రీ, నీ ఉత్తరం నాకు చేరకముందే, “మా కూమెలిన్ బిడ్డకి దేశం జట్టులో స్థానం ఇచ్చినందుకు ప్రభువా నీకు కృతజ్ఞతలు” అని గట్టిగా ప్రార్థన చేసేశాడు. వెనక వరసల్లోంచి ఆమెన్‌లు, ముందు వరసల్లోంచి ముక్కులు చీదుకోవడాలు. మీ అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు. నలభై ఏళ్ళు ఆడపిల్లలకి లాటిన్ చెప్పినదాన్ని, పరీక్ష ఫలితం రాకముందు మార్కులకి ఏడ్చే అలవాటు లేదు.

గురువారం రేడియోలో తొమ్మిదో నంబరు దగ్గరికి వచ్చేసరికి బ్రిన్‌మోర్ రీస్ అన్నారు. నీ పేరు చివర్న, రిజర్వు ఆటగాళ్ళలో. పక్కింటి మాటీ నా వంటింట్లోకి వచ్చి, “ఇప్పుడు దేవుడికి ఏమని చెప్తారండీ?” అంది. ఆ ప్రశ్నే నిన్న చర్చి పెద్దల సభలోనూ వచ్చిందట. అర్పించిన కృతజ్ఞతని వెనక్కి తీసుకోవాలా, రిజర్వు స్థానానికి సర్దుబాటు చెయ్యాలా అని. రిజర్వుకి కూడా చెల్లుతుందని తేల్చారు. ఆ సభకి రెండు గంటలు పట్టింది.

నాకు తెలియక అడుగుతున్నాను, రిజర్వువాడు చేసే పని ఏమిటి? ఒకడు దెబ్బ తగిలి పడిపోయి, డాక్టరు వచ్చి చూసి, ఇక ఆడలేడని చెప్తేనే నువ్వు లోపలికి వెళ్ళాలని, ఉత్తరాలు పంచే పోస్టు విల్ చెప్పాడు. మైదానంలో కాలు పెడితే ఒక్క నిమిషమైనా చాలు, కుచ్చు ఉన్న ఆ మఖమల్ టోపీ నీదే. పెట్టకపోతే నూరు మ్యాచ్‌లు బెంచీ మీద కూర్చున్నా నీకు ఏదీ లేదు. నిజమేనా?

కూమెలిన్‌కి ఇంతవరకూ ఒక్క టోపీ రాలేదు. దాన్ని తగిలించడానికి క్లబ్బు గోడకి మీ తాత రోజుల్లోనే మేకు కొట్టారు. ప్రస్తుతం దానికి బీరు పోసేవాడి కోటు వేలాడుతోంది.

బాధపడకు. పడినా రెండు రోజులకి మించి పడకు. ఎండుద్రాక్ష రొట్టెలు పంపుతున్నాను. హాస్టల్లో అందరికీ పంచి పేరు తెచ్చుకోవద్దు, నువ్వే తిను.

అమ్మమ్మ


కార్డిఫ్,
ఫిబ్రవరి, సోమవారం.

అమ్మమ్మకి,

పోస్టు విల్ చెప్పింది నిజమే. లండన్లో ఇంగ్లండ్‌తో మ్యాచ్‌కి కూర్చున్నాను. మొన్న ఇక్కడ స్కాట్లాండ్‌తో కూడా కూర్చున్నాను. పాస్టరుగారి సర్దుబాటు ఇంకా అమల్లోనే ఉంది.

కూర్చున్న చోటు గురించి చెప్పాలి. మా బెంచీ గేలరీ కింద, మైదానం అంచున. జనం పాట అందుకున్నప్పుడు అది చెవుల్లోంచి రాదు, బెంచీ చెక్కలోంచి వస్తుంది. తొడల్లోంచి వెన్నులోకి పాకుతుంది. యాభై వేలమంది ఒకే శ్రుతిలో ఊపిరి పీల్చుకోవడం నువ్వు ఎప్పుడైనా విన్నావా? పాట కన్నా అది భయంగా ఉంటుంది.

ఇక బ్రిన్‌మోర్. నేను ఆయన్ని ఆడేవాడు అనడం మానేశాను. వాన కొడుతోంది, బంతి సబ్బుముక్కలా ఉంది, స్కాట్లాండ్‌వాళ్ళు ముగ్గురు మీద పడుతున్నారు. ఆయన వాళ్ళకి వీపు తిప్పి, ఎటూ చూడకుండా, తల మీదుగా వెనక్కి తన్నాడు. బంతి గాలిలో గేటు మూసుకున్నట్టు మెల్లగా తిరిగి, సరిగ్గా మూలన పడింది. నా పక్కన కూర్చున్న రిజర్వు, బొగ్గుగనిలో పనిచేసే మనిషి, మామూలుగా నోరు విప్పడు, “అదెలా చేశాడ్రా?” అన్నాడు. నన్నెందుకు అడుగుతావని అన్నాను. “నువ్వు కూడా తొమ్మిదేగా” అన్నాడు. ఆ మాట చాలాసేపు నాలో తిరిగింది.

ఇప్పుడు చెప్పేది అమ్మకి చదివి వినిపించకు.

రెండో సగంలో బ్రిన్‌మోర్ పడిపోయాడు. గుంపు ఆయన మీద నుంచి వెళ్ళింది. లేవలేదు. డాక్టరు సంచీ పట్టుకుని పరిగెత్తాడు. అప్పుడు కిందకి చూసుకుంటే నా పై కోటు జిప్పు పూర్తిగా తెరిచి ఉంది. ఎవరు తీశారు? నేనే. ఎప్పుడు తీశానో తెలీదు. అయ్యో అనుకునే ముందే నా చెయ్యి ఆ పని చేసేసింది. నేను పూజించే మనిషి మట్టిలో పడి ఉంటే నా చెయ్యి సంబరపడింది.

బ్రిన్‌మోర్ లేచాడు. లేస్తూ బెంచీ వైపు చూశాడు. జిప్పు చూశాడనే అనుకుంటున్నాను. కొంచెం నవ్వాడు.

అప్పటి నుంచి ఆయన మొహం చూడలేకపోతున్నాను.

ఎమ్లిన్


కూమెలిన్,
శుక్రవారం.

ఎమ్లిన్‌కి,

మీ అమ్మకి చదివి వినిపించలేదు. ఆకలి గురించి రాసిన ఒక్క వాక్యం మాత్రం చదివాను, అది కూడా నేనే కల్పించి.

జిప్పు గురించి నువ్వు ఒక్కడివే నిద్ర పాడుచేసుకుంటున్నావేమో. ఇక్కడ ఊరు మొత్తం జిప్పు తెరుచుకుని కూర్చుంది. రొట్టెల దుకాణంలో నిన్న విన్నది విన్నట్టు రాస్తున్నాను.

“చచ్చేంత దెబ్బ ఎవరు కోరుతారండీ. ఒక చిన్న బెణుకు.” ఇది పోస్టు విల్.

“వేలు విరిగితే చాలు. అదీ ఎడమచేతిది, పనికి అడ్డం లేకుండా.” ఇది మాటీ. చర్చిలో ఆదివారం బడి నడిపే మాటీ.

“పాపం వాడికి ఇద్దరు పిల్లలున్నారే,” అంది దుకాణం ఆవిడ.

“అందుకే కదా ఎడమచెయ్యి అన్నాను,” అంది మాటీ.

దయ గల జనం. దెబ్బని కూడా కొలిచి, బిడ్డలున్న మనిషని తగ్గించి మరీ కోరుకుంటారు.

నీ సంగతికి వస్తాను. చెయ్యి చేసిన పనికి మనిషిని ఉరి తియ్యరు. నువ్వు ఆ స్థానం కోరుకోకపోతే అక్కడ కూర్చోవడానికే పనికిరావు. కోరుకున్నందుకు సిగ్గుపడకపోతే నా మనవడివి కావు. రెండూ ఉన్నాయి కాబట్టి ఫరవాలేదు. ఇక మొహం చాటేయడం మాత్రం మానెయ్. అది సిగ్గు కాదు, బడాయి. నీ పాపం అంత గొప్పదని ఆయన రోజంతా దాని గురించే ఆలోచిస్తున్నాడనుకుంటున్నావా? వెళ్ళి నేర్పమని అడుగు. అడిగించుకోవడం పెద్దవాళ్ళకి ఇష్టం. నాకు తెలుసు, నన్ను ఎవరూ ఏదీ అడగరు.

మొన్నటి మ్యాచ్ మాటీ ఇంట్లో టీవీలో చూశాను. మీ తాత ముప్పై ఏళ్ళు ఆడితే ఒక్కరోజు చూడనిదాన్ని, చెవులు ఉబ్బి ఇంటికొస్తే గుడ్డ తడిపి ఇచ్చేదాన్ని, అంతే. ఆ తల మీదుగా తన్నిన తన్ను చూశాక నా చేతిలో అల్లిక ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టేసరికి నాలుగు కుట్లు జారిపోయాయి. మాటీ చూసింది. ఎవరికీ చెప్పదు, చెప్తే ఎడమచేతి వేలి సంగతి నేను చెప్తాను.

అమ్మమ్మ


కార్డిఫ్,
మార్చి, బుధవారం.

అమ్మమ్మకి,

అడిగాను. నువ్వు చెప్పినట్టే జరిగింది. “ఇన్నాళ్ళకి నోరొచ్చిందా? ఆదివారం భోజనం అయ్యాక ఫెలిన్‌వెన్ రా” అన్నాడు.

ఇప్పటికి మూడు ఆదివారాలు వెళ్ళాను. వాళ్ళ ఊరి మైదానం ఒక కొండవాలు. ఒక వైపు గోలు దగ్గర నిలబడితే రెండో గోలుకి పైసగమే కనిపిస్తుంది. ఆయన ఒక ఇనుప బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంటాడు. ఉక్కు ఫ్యాక్టరీ చొక్కా, చేతిలో టీ. నేను విసరాలి. గేటు స్తంభానికి తగలాలి. తగిలితే ఏమీ అనడు. తగలకపోతే అంటాడు.

“బంతిని తియ్యడానికి వంగుతున్నావా, దానికి నమస్కారం పెట్టడానికా?”

“తియ్యడానికేనండీ.”

“అయితే దాని ముందు అంతసేపు ఎందుకు ఆగుతావ్?”

ఒకసారి లేచి చూపించమని అడిగాను. “నేను కూర్చుంటేనే నీ తప్పులు కనిపిస్తాయి” అన్నాడు. అదీ నిజమే. ఆయన ఒక్కసారి కూడా లేవకుండా, మాటలతోనే నా నడుము వంచాడు, మడమ తిప్పాడు. రెండో ఆదివారం బంతి ఎప్పుడు చేతిలోంచి వెళ్ళిందో నాకు తెలియలేదు. స్తంభం మోగింది. కొండ అవతల నుంచి ఆ మోత తిరిగొచ్చింది. ఆయన టీ తాగడం ఆపాడు. “అదీ” అన్నాడు. అంతే. నేను కార్డిఫ్ దాకా బస్సులో నవ్వుకుంటూ వచ్చాను. కండక్టరు టికెట్టు రెండుసార్లు అడిగాడు.

వచ్చే శనివారం ఫ్రాన్స్‌తో ఆఖరి మ్యాచ్. ఆ తరవాత సీజన్ అయిపోతుంది. వచ్చే ఏడు పెద్దలు ఎవరిని పిలుస్తారో ఎవరికి తెలుసు. ఉత్తర లోయల్లో పద్దెనిమిదేళ్ళ తొమ్మిదో నంబరు ఒకడు ఉన్నాడట, గాలిలా ఉంటాడట. ఈసారి కూడా బెంచీయే అయితే నాకు ఇదే ఆఖరేమో.

ఇంకో సంగతి ఉంది. రాయలేను.

ఎమ్లిన్


కూమెలిన్,
ఆదివారం, చర్చి నుంచి రాగానే.

ఎమ్లిన్‌కి,

ముందు మంచి మాటలు రాస్తాను. తరవాత ఒక ప్రశ్న ఉంది.

మాటీ ముందుగదిలో పదహారుమందిమి ఉన్నాం. పాస్టర్ పెన్రీ నేల మీద కూర్చున్నాడు. చివరి నిమిషాలు. బ్రిన్‌మోర్ పడ్డాడు. డాక్టరు వెళ్ళాడు, వంగాడు, లేచి బెంచీ వైపు చెయ్యి ఊపాడు. నువ్వు పై కోటు విప్పడం చూశాం. ఈసారి జిప్పు ఇరుక్కుంది కదా. నువ్వు దాన్ని పైకీ కిందికీ లాగడం టీవీలో కూడా తెలిసింది. మీ అమ్మ కళ్ళు మూసుకుని, “అయ్యిందా, వెళ్ళాడా?” అని అడుగుతూనే ఉంది. వెళ్ళాడే, కళ్ళు తెరువు అన్నాను.

తరవాత గుంపులోంచి బంతి వచ్చింది. నువ్వు వంగావు. నిలబడ్డావు. ఆ మధ్యలో జరిగింది నాకు కనిపించలేదు.

మొదటి ఉత్తరంలో నువ్వు అతని గురించి రాసిన మాటలవి. నేను ఆ కాగితం తీసి చూసుకోనక్కర్లేకపోయింది. మనవడి ముక్కు తుడిచిన చేతులివి, వాడికి బూటు లేసు కట్టడం నేర్పిన చేతులు. తెర మీద ఉన్నది ఎవరో నాకు ఒక క్షణం తెలియలేదు. అవతల మనవాడొకడు ఆ బంతి పట్టుకుని గోలు గీత దాటి పడ్డాడు. మాటీ ఇంటి కిటికీ అద్దాలు గజగజలాడాయి, జనం అరుపుకో, పాస్టరుగారి అరుపుకో. నేను లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలీదు. ముసలితనంలో ఇది మంచి అలవాటు కాదు.

ఈ ఉదయం చర్చిలో కృతజ్ఞత అసలు స్థానానికి మార్చారు. గంటలోపే.

ఇప్పుడు ప్రశ్న. బ్రిన్‌మోర్ పడినప్పుడు కుడి మోకాలు రెండు చేతులా పట్టుకున్నాడు. లేచి బయటికి వెళ్ళేటప్పుడు ఈడ్చింది ఎడమకాలు. నా కళ్ళద్దాలు కొత్తవి.

నువ్వు రాయలేనన్న సంగతి ఇప్పుడు రాయి.

అమ్మమ్మ


కార్డిఫ్,
ఏప్రిల్, మంగళవారం.

అమ్మమ్మకి,

నీ దగ్గర ఏదీ దాగదని చిన్నప్పుడే తెలిసుండాల్సింది.

మ్యాచ్‌కి ముందు ఆదివారం, ఫెలిన్‌వెన్‌లో, నేను బూట్లు విప్పుకుంటుంటే అన్నాడు. “శనివారం చివర్లో నేను పడిపోతాను. డాక్టరుకి ఇక నావల్ల కాదని చెప్తాను. నువ్వు రా.”

వద్దన్నాను. అది మోసం అన్నాను.

“మోసం ఏముందిరా? నాకు టోపీలు బోలెడున్నాయి. పెద్దపిల్ల వాటిల్లో బొమ్మల్ని పడుకోబెడుతుంది. మీ ఊరికి ఒక్కటి లేదట కదా.”

“నాకు అలా వద్దు.”

“నీకు ఎలా కావాలని నేను అడగలేదు” అన్నాడు. నవ్వుతూనే. నేను కదిలిస్తే టీ తాగుతూ కూర్చున్నాడు. చెయ్యడేమో అనుకున్నాను. చెయ్యాలని కూడా అనుకున్నాను. రెండూ రాస్తున్నాను, నువ్వు రెండూ అడుగుతావు కాబట్టి.

డాక్టరు చెయ్యి ఊపినప్పుడు నేను కూర్చుండిపోవాల్సింది. కానీ మైదానంలో మావాళ్ళు పదిహేనుకి పద్నాలుగు మందే ఉన్నారు. లేచాను. ఆ తరవాత ఆరు నిమిషాలు ఏం జరిగిందో నువ్వు చూశావు. ఆ విసురు నాదే, అది ఎవరూ ఇచ్చింది కాదు. కానీ ఆ విసురుకి దారి అబద్ధం.

టోపీ నిన్న వచ్చింది. పెట్టెలోంచి తీసి చూశాను. కుచ్చు బంగారు రంగు. పెట్టుకోలేకపోయాను. దీంతో పాటు నీకు పార్సెల్ చేస్తున్నాను. క్లబ్బువాళ్ళకి ఇవ్వకు, చూపించకు.

ఐదుగురు పెద్దలకి రాద్దామనుకుంటున్నాను. దెబ్బ నిజం కాదని, టోపీ వెనక్కి తీసుకోమని. బ్రిన్‌మోర్‌కి చెడ్డ పేరు వస్తుంది. డాక్టరుకి కూడా. నన్ను మళ్ళీ పిలవరు. తెలుసు. అయినా వేరే దారి కనిపించడం లేదు. కాలేజీ పరీక్షలు మే మధ్యలో అవుతాయి. అవగానే రాస్తాను. నువ్వేం అంటావు?

ఎమ్లిన్


కూమెలిన్,
మే, సోమవారం ఉదయం. టపా వెళ్ళేలోపు.

ఎమ్లిన్‌కి,

పెద్దలకి రాయకు. రాసి ఉంటే చించెయ్. పోస్టులో వేసి ఉంటే పోస్టాఫీసు ముందు కూర్చుని బయటికి తియ్యి. కారణం చెప్తాను, నిదానంగా చదువు.

నీ ఉత్తరానికి వెంటనే జవాబివ్వలేదు. ఏం అనాలో తోచలేదు. నాకు అలా జరగడం అరుదు, కాబట్టి కొంచెం దాన్ని అనుభవించాను కూడా. తప్పు అని రాద్దామంటే నువ్వే రాసేశావు. ఊరుకో అని రాద్దామంటే నా చెయ్యి రాలేదు.

నిన్న ఫెలిన్‌వెన్ చర్చిలో లోయ మొత్తానికీ కలిపి కీర్తనల పండుగ. ఏటా వెళ్తాను కదా. ఆల్టోలతో, మా ఆడవాళ్ళ కింది గొంతులతో కూర్చోవడానికి కింద నా స్థానం వెతుక్కుంటుంటే, మా వరస చివర, ఆడవాళ్ళ పక్కన, బ్రిన్‌మోర్ రీస్ కూర్చుని ఉన్నాడు.

నీకు చెప్పనక్కర్లేదు, ఆ చర్చిలో మగవాళ్ళ బరువు గొంతులు, బేస్‌లు, పైన గేలరీలో కూర్చుంటాయి. వాళ్ళ తాతలు అక్కడే కూర్చున్నారు. బ్రిన్‌మోర్ నాన్న పేరు ఆ పై కటకటాల మీద చాకుతో చెక్కి ఉందట. ఫెలిన్‌వెన్ బేస్ మనిషి కింద కూర్చున్నాడంటే చర్చి కప్పు ఊడిపోయి ఉండాలి.

“ఏమయ్యా, దారి తప్పావా?” అన్నాను. “మీవాళ్ళు పైన కదా.”

“పైన గాలి కొడుతోందండీ, టీచరుగారూ,” అన్నాడు.

మే నెల. పై కిటికీలు రంగు వేసినప్పుడు అతుక్కుపోయి ఏళ్ళయింది. అక్కడ దీపం పెడితే మంట కదలదు.

పాట మొదలైంది. అందరూ లేచారు. అతను ముందు వరస వీపు రెండు చేతులా పట్టుకుని, కుడికాలి మీద లేచాడు. ఎడమకాలు ఆ తరవాత వచ్చింది, ఎవరో అరువిచ్చినట్టు. ప్రతి కీర్తనకీ అలాగే. నా పక్కనున్నావిడ, వాళ్ళ వీధిలోదే, “క్రిస్మస్ నుంచీ అంతే పాపం” లాంటిదేమీ అనలేదు. ఎవరికీ తెలీదు. ఆవిడ “పక్కన బేస్ ఉంటే మనకి శ్రుతి తప్పుతోంది” అని విసుక్కుంది, అంతే. అతని భార్య ఒక్కతే, పైన హెచ్చు గొంతుల సొప్రానోల్లోంచి అతనివైపు చూసింది. ఆమె చూపు చూశాక నేను పుస్తకంలోకి చూశాను.

ఇప్పుడు అర్థమైందా? అతను అబద్ధం ఆడాడు. డాక్టరుకి కాదు. నీకు.

ఎడమ మోకాలు ఎప్పుడో పోయింది. దాన్ని దాచుకుని శీతాకాలమంతా ఆడాడు. నువ్వు కొండవాలు మైదానంలో నేర్చుకున్న రోజుల్లో అతను బకెట్టు మీద కూర్చున్నది నీ తప్పులు చూడడానికి కాదు. ఫ్రాన్స్ మ్యాచ్ చివరికి ఇక నిలబడలేనని అతనికి ముందే తెలుసు. మరి నాటకం ఎందుకంటావా? ‘నా కాలు అయిపోయింది, నువ్వు రా’ అని చెప్పడం కన్నా ‘నీకో టోపీ ఇస్తున్నాను, తీసుకో’ అని చెప్పడం అతనికి తేలిక. అరిగిపోయిన మనిషిగా వెళ్ళలేక, ఇచ్చిన మనిషిగా వెళ్ళాడు. కుడికాలు పట్టుకుని పడింది నటన. ఎడమకాలు ఈడ్చింది నిజం. ఆ నొప్పిలో ఏ కాలు నటిస్తున్నాడో మర్చిపోయాడు.

డాక్టరు చూసిన మోకాలు ఏదో నాకు తెలీదు. కానీ ఇక ఆడలేడని ఆయన చెప్పింది సత్యం. నీ టోపీలో అబద్ధం లేదు. పార్సెల్ తిరిగి పంపుతున్నాను. మీ అమ్మ ఒకసారి అద్దం ముందు పెట్టుకుంది, నేను చూడనట్టు నటించాను.

ఇంకొక్కటి. నీకు తెలిసిందని అతనికి తెలియకూడదు. ఎన్నటికీ. నువ్వు నిజాయితీపరుడివి, వెళ్ళి చెప్పేసి ఇద్దరూ తేలికపడదామనుకుంటావు. నువ్వు తేలికపడతావు. అతను ఆ రోజుతో ముసలివాడైపోతాడు. నీకు దానం చేశాననే అనుకోనీ. కలిసినప్పుడల్లా కృతజ్ఞత చెప్పు. ఆ బరువు నువ్వు మొయ్యి. ఆటలో కన్నా ఇది కష్టం, అయినా నీ భుజాలు చిన్నవేమీ కావు.

నేను డెబ్భై నాలుగేళ్ళలో గొప్పవాళ్ళని కొందరిని చూశాను, ఎక్కువమందిని పుస్తకాల్లో. నిన్న ఆల్టోల పక్కన ఒకణ్ణి చూశాను. పాడుతున్నంతసేపూ ఆ గొంతు ఒక్కసారి కూడా వణకలేదు.

అమ్మమ్మ


కార్డిఫ్,
జూన్, ఆదివారం.

అమ్మమ్మకి,

పెద్దలకి రాయలేదు. రాసిన ముక్క చించేశాను.

నిన్న ఫెలిన్‌వెన్ క్లబ్బువాళ్ళు సీజన్ ముగింపు విందు ఇచ్చారు. నన్నూ పిలిచారు. గొర్రెమాంసం, పుదీనా పచ్చడి, ఆ తరవాత ఉపన్యాసాలు. బ్రిన్‌మోర్ కూర్చునే మాట్లాడాడు. “నిలబడితే మీరు పాట అడుగుతారు, అందుకని” అన్నాడు. అందరూ నవ్వారు. ఇక ఆడనని చెప్పాడు. “ఇంకా రెండేళ్ళు ఆడేవాణ్ణే. కానీ కూమెలిన్ పిల్లాడు ఆ బెంచీ మీద కూర్చుని కూర్చుని దాన్ని అరగ్గొడుతున్నాడు. దాన్ని అరువిచ్చిన క్రికెట్టు క్లబ్బువాళ్ళు డబ్బులు అడుగుతారని భయమేసింది. దారి ఇచ్చేశాను.”

హాలు ఊగిపోయింది. ఎవరో నన్ను ముందుకి తోశారు. వెళ్ళు, వెళ్ళి చెయ్యి కలుపు అన్నారు. వందమంది చూస్తున్నారు.

నేను వస్తున్నానని చూసి ఆయన లేవడానికి రెండు చేతులూ బల్ల మీద ఆన్చాడు. వేళ్ళ గోళ్ళు తెల్లబడ్డాయి. నేను తక్కిన దూరం పరిగెత్తినట్టే వెళ్ళి, ఆయన లేవకముందే వంగాను. బాగా కిందకి వంగాను, నా తల ఆయన తల కన్నా కిందకి వచ్చేదాకా. చెయ్యి పట్టుకున్నాను.

“అన్నా, మీరిచ్చింది మరిచిపోను.”

“పోరా,” అన్నాడు. “ఆరు నిమిషాలే కదా.”

ఆయన రెండో చెయ్యి కూడా బల్ల మీంచి తీసి, మళ్ళీ కుర్చీలోకి ఒరిగాడు. అప్పటికి హాలంతా లేచి నిలబడి ఉంది. చిన్నవాడు పెద్దవాడి ముందు ఎంత గౌరవంగా వంగాడో అనుకున్నారు. బయటికి వచ్చేటప్పుడు ఇద్దరు ముసలివాళ్ళు ఆ మాటే అని నా వీపు తట్టారు కూడా.

నేను కాదనలేదు అమ్మమ్మా. అది కూడా నిజమే.

నీ
ఎమ్లిన్